తొక్కే మిషన్, నొక్కే మిషన్

ఈసారి ముందుగా రెండు సౌండ్స్ వినిపిస్తా.

మొదటిది ఇది. టకటక, టకటక, మధ్యలో చిన్న గ్యాప్, మళ్ళీ టకటక. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న సౌండ్, మా అమ్మ మిషన్ తొక్కుతున్న సౌండ్. రెండోది ఇప్పుడు వినండి. జుయ్య్‌మని ఒకటే ఈల. పోయిన మాఘమాసంలో, పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో, అదే మిషన్‌కి నేను మోటర్ బిగించిన రోజు వచ్చిన సౌండ్ ఇది. నాలుగు సెకన్లే వచ్చింది. తర్వాత టప్‌మని సూది విరిగి ముక్క ఎగిరి గోడకి తగిలింది. అమ్మ రెండు చేతులూ వెనక్కి లాక్కుంది.

"ఇది నా మాట వింటలేదు బిడ్డా. తీసెయ్ దీన్ని" అంది.

ఈ ఎపిసోడ్ అంతా ఆ మాట గురించే. మిషన్ మాట వినడం అంటే ఏంటి? కుట్టు మిషన్‌కి మోటర్ పెట్టాలని మొదట ఎవరికి తట్టింది? ఆ మోటర్‌ని మనిషి మాట వినేలా చేసింది ఏంటి? సమాధానం కోసం దాదాపు రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళా. అక్కడ నాకు ఒకటి అర్థమైంది. ఈ కథలో అసలు హీరో మోటర్ కాదు, కాలి కింద ఉండే పెడల్.

ముందు మా ఇంటి సంగతి చెప్పేస్తా, లేకపోతే ఇదంతా ఎందుకో మీకు అర్థం కాదు. మాది హనుమకొండ. అమ్మ పాతికేళ్ళుగా జాకెట్లు కుడుతుంది. మిషన్ మా అమ్మమ్మది. నల్ల బాడీ, మీద బంగారు రంగు పూలు, పేరు సగం చెరిగిపోయింది, కింద ఇనుప స్టాండు. నా బీటెక్ నాలుగేళ్ళ హాస్టల్ ఫీజు ఆ మిషన్ మీదే నడిచింది. ఇప్పుడు అమ్మకి మోకాళ్ళ నొప్పి. తొక్కుడు తగ్గించమని డాక్టర్ చెప్పారు. అమ్మ మాత్రం అప్పటికే పదకొండు పెళ్ళి జాకెట్లు ఒప్పుకుని ఉంది, అందులో నాలుగు మగ్గం వర్క్‌వి. నేను ఇంజినీర్ని కదా, ఫోన్ తీశా, మోటర్, పెడల్, బెల్టు కలిపి ఉన్న కిట్ ఆర్డర్ పెట్టేశా. కంపెనీ పేరు అడక్కండి, ఈ కథలో వాళ్ళ తప్పు కంటే నా తప్పే ఎక్కువ.

సరే, ఇప్పుడు వెనక్కి వెళ్దాం.

కుట్టు మిషన్ చరిత్ర గొడవతోనే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ 1830లో ఒక మిషన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ప్యారిస్‌లో సైన్యానికి బట్టలు కుట్టే వర్క్‌షాప్ పెట్టారు. మా పొట్ట కొడతారా అని 1831లో అక్కడి దర్జీలు లోపలికి దూరి మిషన్లు పగలగొట్టారు. తర్వాత అమెరికాలో ఎలియాస్ హోవ్. 1845లో బోస్టన్‌లో తన మిషన్ని చేతికుట్టు కుట్టే ఐదుగురు ఆడవాళ్ళతో పోటీకి పెట్టి గెలిచాడు, 1846లో పేటెంట్ తీసుకున్నాడు. హోవ్ మిషన్‌ని చేత్తో తిప్పాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక చెయ్యి చక్రం దగ్గర ఉంటే గుడ్డని నడిపించడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. జాకెట్ చంక దగ్గర ఒంపు కుట్టే వాళ్ళని అడగండి, ఒక్క చేత్తో ఎంత కష్టమో చెప్తారు.

1851లో ఐజాక్ సింగర్ పేటెంట్ వచ్చింది. సింగర్ మిషన్‌తో కాలి తొక్కుడు బాగా పాపులర్ అయింది. రాట్నం లాంటి వాటికి ఈ టెక్నిక్ ముందే ఉంది. కాలితో పలకని ముందుకీ వెనక్కీ ఊపితే ఒక కడ్డీ కింద పెద్ద చక్రాన్ని తిప్పుతుంది, దాని నుంచి తోలు బెల్టు పైన చిన్న చక్రానికి వెళ్తుంది. కింద చక్రం ఒక్క చుట్టు తిరిగితే పైది నాలుగైదు చుట్లు తిరుగుతుంది. రెండు చేతులూ ఫ్రీ. తెలుగులో మనం "మిషన్ కుట్టడం" అనే దానికంటే "మిషన్ తొక్కడం" అనడమే ఎక్కువ కదా. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా.

తొక్కడంలో ఒక ఒడుపు ఉంది. నేర్చుకున్న వాళ్ళకి తెలుసు. మొదట్లో చక్రం వెనక్కి తిరిగిపోయి టుక్కున దారం తెగుతుంది. అందుకే కుడిచేత్తో పైచక్రాన్ని కొంచెం ముందుకు తోసి, ఆ ఊపు మీద కాలు వెయ్యాలి. ఆపేటప్పుడు కూడా అంతే, అరచెయ్యి చక్రం మీద ఆనిస్తే ఆగుతుంది. అమ్మ ఒక్క కుట్టు వేసి ఆపగలదు. అర కుట్టు దగ్గర, సూది గుడ్డలో దిగి ఉండగా ఆపి, గుడ్డ తిప్పి మూల కుట్టగలదు. కాలు, అరచెయ్యి, చెవి మూడూ కలిసి పనిచేస్తాయి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అదొక ఫీడ్‌బ్యాక్ లూప్. లేటెన్సీ సున్నా.

కానీ రోజంతా తొక్కితే ఒళ్ళు హూనం అవుతుంది. ఈ నొప్పి మా అమ్మతో మొదలైంది కాదు. 1866లో ప్యారిస్‌లో గిబూ అనే డాక్టర్ కుట్టు మిషన్ల వల్ల కార్మిక స్త్రీల ఆరోగ్యం ఏమవుతుందో అని ఒక పేపర్ చదివాడు. ఆరోగ్యంతో ఆగితే బాగుండేది. దానికి "నైతికత" కూడా కలిపాడు. తొడలు అలా ఆడిస్తూ కూర్చుంటే ఆడవాళ్ళ బుర్రలో చెడు ఆలోచనలు వస్తాయేమోనని అప్పట్లో కొందరు డాక్టర్ల బెంగ. పన్నెండు గంటలు తొక్కిన మనిషికి ఆలోచనలు కాదు, నడుం నొప్పి వస్తుందని ఒక్క టైలరమ్మని అడిగినా చెప్పేది.

ఫ్యాక్టరీల్లో ఈ తొక్కుడు సమస్యకి వేరే దారి దొరికింది. స్టీమ్ ఇంజన్. పొడవాటి బల్లలు, వాటి కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగే ఒక ఇనుప షాఫ్ట్, దాని నుంచి ఒక్కో మిషన్‌కి ఒక్కో బెల్టు. కుట్టే మనిషి కాలితో తొక్కక్కర్లేదు, షాఫ్ట్‌తో మిషన్‌ని కలిపి వదలాలి అంతే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కాలికి రెస్ట్ వచ్చింది, నిజమే. కానీ ఆ షాఫ్ట్ ఎంత స్పీడ్‌లో తిరగాలో ఎవరు డిసైడ్ చేస్తారు? కుట్టే మనిషి మాత్రం కాదు. తొక్కుడు మిషన్‌లో స్పీడ్ కాలి నుంచి పుట్టేది. ఇప్పుడు స్పీడ్ గోడ అవతలి నుంచి వస్తోంది.

కుట్టు మిషన్ మీద గాంధీకి ఒక అభిప్రాయం ఉంది, అది ఇక్కడే చెప్పాలి. 1924లో ఢిల్లీలో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థి ఆయన్ని అడిగాడు, మీరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకమా అని. గాంధీ కాదన్నారు, సింగర్ కుట్టు మిషన్ని ఉదాహరణగా చూపించారు. అది నిజంగా పనికొచ్చే కొద్ది వస్తువుల్లో ఒకటని, భార్య చేతికుట్టుతో పడే కష్టం చూడలేక సింగర్ ప్రేమతో దాన్ని కనిపెట్టాడని ఆయన ఉద్దేశం. వినడానికి ఎంత బాగుందో. కానీ అసలు సింగర్ నాటకాలు వేసే నటుడు, ఐదుగురు ఆడవాళ్ళతో ఇరవైమందికి పైగా పిల్లలు. ఆయన మిషన్ మీద పడింది భార్య కష్టం చూసి కాదు, ఒక వర్క్‌షాప్‌లో రిపేర్‌కి వచ్చిన వేరే మిషన్ చూసి, డబ్బు కోసం. గాంధీకి ఎవరో అందమైన కథ చెప్పి ఉంటారు.

కథ తప్పైనా గాంధీ పాయింట్ నాకు కరెక్టే అనిపిస్తుంది. రామచంద్రన్ వదల్లేదు. మరి ఆ మిషన్లు తయారుచెయ్యాలంటే పవర్‌తో నడిచే పెద్ద ఫ్యాక్టరీ కావాలిగా అన్నాడు. కావాలి, అయితే అలాంటివి ప్రభుత్వం చేతిలో ఉండాలి అన్నారు గాంధీ. అంటే ఆయనకి ఇనుము మీద కోపం లేదు. యంత్రం మనిషి చేతిలో ఉందా, మనిషి యంత్రం చేతిలో ఉన్నాడా, అదే ఆయన చూసింది.

ఇక మోటర్. 1880ల్లో న్యూజెర్సీలోని ఎలిజబెత్ ఊళ్ళో, సింగర్ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీలో ఫిలిప్ డీల్ అనే జర్మన్ వలస ఇంజినీర్ పనిచేసేవాడు. కుట్టు మిషన్ కోసం చిన్న ఎలక్ట్రిక్ మోటర్ మీద కూర్చున్నాడు. ఆయన ఇంకో పని కూడా చేశాడు. ఆ మోటర్‌కి రెక్కలు తగిలించి సీలింగ్‌కి వేలాడదీశాడు. అవును, ఇప్పుడు మీ తల మీద తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్‌కి తాత కుట్టు మిషన్ మోటరే. ఇది చదివిన రోజు నేను పైకి చూసి ఫ్యాన్‌కి దండం పెట్టా. ఫ్యాన్‌ని గుర్తుపెట్టుకోండి, దానితో ఇంకో పని ఉంది.

1889కల్లా సింగర్ ఎలక్ట్రిక్ మిషన్ వచ్చింది. కానీ కొనేదెవరు? ఇళ్ళల్లో కరెంటు ఏదీ? ఉన్న ఊళ్ళలో కూడా ఒక చోట డీసీ, ఇంకో చోట ఏసీ. ఒకదానికి చేసిన మోటర్ రెండోదానికి పనికిరాదు. పైగా ఇంట్లో తొక్కుడు మిషన్ ఆల్రెడీ ఉంది, పోత ఇనుముది, వందేళ్ళైనా చావదు. దాన్ని పారేసి కొత్తది ఎందుకు కొంటారు?

సరిగ్గా ఈ సందులోంచే మన "అప్‌గ్రేడ్ కిట్" పుట్టింది. 1910లో విస్కాన్సిన్ రాష్ట్రం రేసిన్‌లో హామిల్టన్ బీచ్ అనే కంపెనీ మొదలైంది. వాళ్ళ బలం ఏసీ, డీసీ రెండిటి మీదా తిరిగే చిన్న మోటర్. యూనివర్సల్ మోటర్ అంటారు. ట్రిక్ సింపుల్. కరెంటు దిశ మారితే మోటర్ బయటి చుట్టలోనూ, లోపలి తిరిగే చుట్టలోనూ ఒకేసారి మారుతుంది. రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ అయినట్టు, తిరిగే దిశ మాత్రం మారదు. మీ ఇంట్లో మిక్సీలో ఉన్నది ఈ జాతి మోటరే. స్పీడ్‌లో పెట్టినప్పుడు వచ్చే ఆ కాలిన వాసన కార్బన్ బ్రష్‌లది. అలాంటి బుల్లి మోటర్‌ని పాత తొక్కుడు మిషన్‌కి ఆనించి పెట్టుకోండి అని అమ్మారు.

అమెరికాలో సియర్స్ కంపెనీ 1918 కేటలాగ్‌లో "హోమ్ మోటర్" అని ఒక ప్రకటన ఉంది. డొనాల్డ్ నార్మన్ రాసిన "ది ఇన్విజిబుల్ కంప్యూటర్" పుస్తకంలో దాని గురించి ఉంటుంది, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో కొందరు చదివే ఉంటారు. ఇంటికి ఒక్క మోటర్ కొనుక్కో. పొద్దున కుట్టు మిషన్‌కి తగిలించు, మధ్యాహ్నం ఫ్యాన్ రెక్కలు పెట్టు, సాయంత్రం అదే మోటర్‌తో గిలక్కొట్టు, కత్తులు నూరు. ఇంటికో మోటర్ అంటే అప్పట్లో ఇంటికో కంప్యూటర్ అన్నంత గొప్ప. ఇప్పుడు మీ ఇంట్లో ఎన్ని మోటర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఫోన్ వైబ్రేట్ చేసే మోటర్‌ని కూడా కలపడం మర్చిపోకండి.

మోటర్ వచ్చింది, బాగానే ఉంది. అసలు కష్టం ఇప్పుడే మొదలైంది. స్విచ్ వేస్తే ఫుల్ స్పీడ్, తీస్తే ఆగుతుంది. మిక్సీకి అది చాలు. కుట్టుకి చాలదు. కుట్టు మిషన్ లాగా ప్రతి సెకనుకీ స్పీడ్ మార్చుకుంటూ నడపాల్సిన వస్తువు ఇంట్లో ఇంకోటి లేదు. నిటారు కుట్టు దగ్గర పరుగు, ఒంపు దగ్గర నడక, మూల దగ్గర ఒక్క అడుగు. రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి. కొన్ని సింగర్ మిషన్లకి మోకాలితో పక్కకి నెట్టే కడ్డీ పెట్టారు. చివరికి గెలిచింది మాత్రం మళ్ళీ పాదమే.

పాత పెడల్ విప్పి చూస్తే నాకు ముచ్చటేసింది. లోపల చిన్న కార్బన్ బిళ్ళలు, నాణేల దొంతరలా పేర్చి ఉంటాయి. వదులుగా ఉన్నప్పుడు బిళ్ళకీ బిళ్ళకీ మధ్య కరెంటు సరిగ్గా పారదు. కాలితో నొక్కితే బిళ్ళలు దగ్గరికి ఒత్తుకుని దారి ఇస్తాయి. ఎంత నొక్కితే అంత కరెంటు, అంత స్పీడ్. పూర్తిగా నొక్కితే బిళ్ళలతో పని లేకుండా డైరెక్ట్ కనెక్షన్. చిప్ లేదు, కోడ్ లేదు. పాదం బరువే సిగ్నల్. ఇంకో రకంలో కార్బన్ బదులు చుట్టిన తీగ ఉంటుంది, స్పీడ్ మెట్లు మెట్లుగా మారుతుంది.

రెండిటిలోనూ ఒక లోపం ఉంది. మోటర్‌కి ఇవ్వని కరెంటంతా పెడల్‌లోనే వేడిగా మారుతుంది. ఇప్పుడు ఫ్యాన్‌ని గుర్తుతెచ్చుకోండి. మీ తాతయ్య వాళ్ళింట్లో గోడకి ఇంత పెద్ద రెగ్యులేటర్ డబ్బా ఉండేది కదా, ముట్టుకుంటే వెచ్చగా? అదే కథ. ఫ్యాన్ ఒకటిలో తిప్పినా బిల్లు పెద్దగా తగ్గదని పెద్దవాళ్ళు అనేది అందుకే. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఎస్‌సీఆర్ అనే సెమీకండక్టర్ స్విచ్ తెచ్చాక లెక్క మారింది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ప్రతి ఊపులో కొంత ముక్క కోసేసి మిగతాది మోటర్‌కి పంపడం కొత్త పద్ధతి. అడ్డుపెట్టి వేడి చేయడం లేదు, ఆన్ ఆఫ్ చేస్తోంది అంతే. కొన్ని ఇళ్ళ గోడల మీదుండే చిన్న గుండ్రటి ఫ్యాన్ నాబ్, కొత్త రకం కుట్టు పెడల్, రెండూ అక్కాచెల్లెళ్ళు.

1933లో సింగర్ 221 వచ్చింది. ఫెదర్‌వెయిట్ అని పేరు, సుమారు 5 కిలోలు. మోటర్ పుట్టుకతోనే ఒంటికి అతుక్కుని ఉంటుంది, కింద పెడల్, పైన పెట్టె. అమెరికాలో పట్టణాల్లో తొక్కుడు మిషన్ పని దాదాపు అయిపోయినట్టే. పల్లెల్లో కాదు. 1930ల మధ్యలో అక్కడ కూడా పదింట ఒక్క పొలం ఇంటికే కరెంటు ఉండేది.

మరి మన దగ్గర? సింగర్ మిషన్ మన దేశానికి 19వ శతాబ్దంలోనే వచ్చేసింది. బొంబాయి పార్సీ ఎన్. ఎం. పటేల్ చాలా ఏళ్ళు వాళ్ళ వ్యాపారం నడిపించాడు. చీర, పంచె కట్టుకునే దేశంలో కుట్టే మిషన్ ఎవరు కొంటారని మొదట్లో అనుమానం. కొన్నది ఎక్కువగా మగ దర్జీలు. చేత్తో తిప్పే మిషన్ నేల మీద పెట్టుకుని, బాసిపట్టు వేసుకుని కుట్టేవాళ్ళు. మన వైపు మేర వాళ్ళకి అది కులవృత్తి. ఆడవాళ్ళ చేతికి, ఆ తర్వాత కాలి కిందకి మిషన్ రావడానికి ఇంకా టైం పట్టింది. 1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్లు మొదలయ్యాయి. ఇప్పుడు మనం చూసే నల్ల బాడీ మిషన్లు, మా అమ్మమ్మది కూడా, డిజైన్ చూస్తే సింగర్ 15 అనే మోడల్ వంశమే.

కరెంటు మాత్రం మిషన్ కంటే చాలా వెనక వచ్చింది. 1947లో దేశం మొత్తం మీద కరెంటున్న ఊళ్ళు సుమారు 1,500. అమెరికాలో మోటర్ వచ్చి తొక్కుడుని తరిమేస్తున్న రోజుల్లో మన ఊళ్ళలో తొక్కుడే అప్‌గ్రేడ్. మా అమ్మమ్మకి చేత్తో తిప్పేదాని నుంచి స్టాండు మిషన్‌కి మారడమే పెద్ద పండగ. కరెంటు వచ్చాక కూడా, పోతుంది కదా. కోతల టైంలో ఆగని మిషన్ అదొక్కటే. కాబట్టి మనవాళ్ళు వెనకబడి తొక్కారని అనకండి, లెక్క చూసుకునే తొక్కారు.

ఆ నల్ల బాడీ వెనకవైపు, చక్రం కింద, చిన్న బోల్టు రంధ్రం ఉంటుంది. చిన్నప్పుడు అందులో అగ్గిపుల్లలు దూర్చి ఆడుకున్నా. అది మోటర్ బిగించడానికి పోతలోనే వదిలిన చోటు. కరెంటు గ్యారెంటీ లేని ఇంటికి అమ్మిన మిషన్‌లో కూడా, ఎప్పటికైనా పనికొస్తుందని ఆ రంధ్రం ఉంచారు. నా కిట్ మోటర్ అందులో సరిగ్గా కూర్చుంది. కొన్ని దశాబ్దాల బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. మన యాప్స్ ఆరు నెలలు ఆగవు.

ఇప్పుడు సూది విరిగిన రోజుకి వద్దాం. అమ్మ పెడల్ మీద కొంచెం కాలు పెట్టింది. మోటర్ మూలిగింది, కదల్లేదు. ఇంకొంచెం నొక్కింది, మూలిగింది. ఇంకాస్త నొక్కగానే ఒక్కసారి తెగించి పరిగెత్తింది. మగ్గం వర్క్ అంచులో పూస మీద సూది దిగింది, విరిగింది. అమ్మ చూపుడు వేలు అక్కడికి అంగుళం దూరంలో ఉంది.

మోటర్‌కి పవర్ చాల్లేదని నేను తేల్చేశా. ఇంకా పెద్ద మోటర్ కోసం ఫోన్ తీశా కూడా. అప్పుడు మా గల్లీ చివర మిషన్లు బాగుచేసే ఒక చాచా వచ్చి చూశారు. ఏం మాట్లాడకుండా మోటర్ బెల్టు తీసేసి, చక్రాన్ని రెండు వేళ్ళతో తిప్పారు. ఒక్క చుట్టు కూడా సాఫీగా తిరగలేదు.

"కొబ్బరినూనె పోస్తరా అమ్మా?" అని అడిగారు.

అమ్మ నా వైపు చూసింది. అయిపోయినప్పుడల్లా అదే పోసేదట. ఏళ్ళ తరబడి ఎండిపోయి లోపల జిగురులా పట్టేసింది. యూనివర్సల్ మోటర్ స్వభావం ఏంటంటే లోడ్ ఎక్కువైతే నెమ్మదిస్తుంది, లోడ్ పోగానే పరిగెత్తుతుంది. జిగురు దగ్గర ఇరుక్కుంది, అది విడగానే దూకింది. పైగా నేను బెల్టు వీణ తీగలా బిగించేశా. మధ్యలో వేలితో నొక్కితే కొంచెం లోపలికి వెళ్ళాలట. కిట్‌తో వచ్చిన పెడల్ కూడా సగం దాకా చచ్చిపోయి, అక్కణ్ణుంచి ఒక్కసారి లేచే రకం.

చాచా కిరోసిన్‌తో కడిగి, రాత్రంతా ఆరబెట్టి, మిషన్ ఆయిల్ వేశారు. పొద్దున అమ్మ మోటర్ లేకుండా, పాత తోలు బెల్టుతో ఒకసారి తొక్కి చూసింది. తొక్కి ఆగిపోయింది. మళ్ళీ తొక్కింది.

"ఇంత తేలికనా ఇది?" అంది.

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టైంది. ఎన్నేళ్ళుగా ఆ జిగురుని అమ్మ మోకాళ్ళతో లాగిందో. ఇంట్లో ఒక ఇంజినీర్‌ని పెట్టుకుని. నేను ఒక్కరోజు కూడా ఆ చక్రం చేత్తో తిప్పి చూడలేదు. నేరుగా మోటర్ ఆర్డర్ పెట్టా.

మోటర్ తీసెయ్యలేదు. డాక్టర్ మాట డాక్టర్ మాటే. పెడల్ మార్చాం, చాచా దగ్గరున్న పాత కార్బన్ బిళ్ళల రకం ఒకటి, వైర్ కొత్తది వేసి. వెచ్చబడుతుంది, కరెంటు కొంచెం వేస్ట్, ఒప్పుకుంటా. కానీ మా కిట్ పెడల్‌తో పోలిస్తే కింది స్పీడ్‌లో చాలా మెత్తగా లేస్తుంది. మీరు ఎవరైనా ట్రై చేస్తే పాత పెడల్, పాత మోటర్ వైర్ల రబ్బర్ తప్పకుండా చూడండి, వంచితే పగిలిపోతుంటే వెంటనే మార్చండి. లోపల బేర్ వైర్ ఇనుప బాడీకి తగిలితే మిషన్ మొత్తం షాక్ కొడుతుంది. ప్లగ్‌కి ఎర్త్ ఉందో లేదో చూడండి. సూదికి దారం ఎక్కించేటప్పుడు పెడల్ మీంచి కాలు తీసెయ్యడం కాదు, స్విచ్ ఆఫ్ చెయ్యండి. విదేశాల నుంచి ఎవరైనా 110 వోల్టుల మిషన్ తెస్తే మన 230లో డైరెక్ట్‌గా పెట్టొద్దు.

పక్కింటి అక్క పనిచేసే గార్మెంట్ యూనిట్‌లో చూశా, అక్కడివి నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేసే పవర్ మిషన్లు. పాత రకంలో క్లచ్ మోటర్ ఉంటుంది, ఆన్ చేస్తే కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది, పెడల్ నొక్కితే క్లచ్ పట్టుకుంటుంది. స్టీమ్ షాఫ్ట్‌కి మనవడు అన్నమాట. ఇప్పుడు వాటి ప్లేస్‌లో సర్వో మోటర్లు పెడుతున్నారు, నొక్కితేనే తిరుగుతాయి, సౌండ్ ఉండదు, కరెంటు మిగులుతుంది, టాప్ స్పీడ్ ఇంతే అని సెట్ చేసుకోవచ్చు. "సెట్ చేసేది మీరేనా అక్కా?" అని అడిగా. నవ్వింది. "సూపర్‌వైజర్" అంది.

అమ్మ దగ్గర ఇప్పుడు రెండు బెల్టులూ ఉన్నాయి. చీర ఫాల్, లంగాల నిటారు కుట్లు మోటర్ మీద. మగ్గం వర్క్ వచ్చిందంటే రబ్బర్ బెల్టు తప్పించి తోలు బెల్టు ఎక్కిస్తుంది, నిమిషం పని. మొదటి వారం మోటర్ మీద కుట్టేటప్పుడు కూడా అలవాటుగా కుడిచెయ్యి చక్రం మీదకి వెళ్ళేది, తోయడానికి. ఇప్పుడు వెళ్ళట్లేదు. పెళ్ళి జాకెట్లు పదకొండూ అయిపోయాయి, ఒకటి రెండు రోజులు లేటు.

నిన్న వీడియో కాల్‌లో అడిగా, మోకాళ్ళు ఎలా ఉన్నాయని. "పొద్దున లేచినప్పుడు ఇంకా పట్టుకుంటున్నయ్. సాయంత్రం మాత్రం పర్లేదు" అంది. వెనకాల ఆ జుయ్య్ సౌండ్ రాలేదు. టకటక, మధ్యలో గ్యాప్, మళ్ళీ టకటక. తొక్కుతున్నావా అన్నా. కాదంది, కింద పెడల్ చూపించింది. మోటర్‌నే అలా నడిపిస్తోంది.